వంటింటి తొక్కలు – వానపాముల తొట్టి

తెల్లవారేసరికి ప్రతి ఇంటి వంటగదిలోను ఒక మూల బుట్ట నిండి ఉంటుంది. కూరగాయల తొక్కలు, టీ కాచిన పొడి, అరటిపండు తొక్క, కరివేపాకు రెమ్మలు, గుడ్డు పెంకులు, పళ్ళెములో మిగిలిన నాలుగు మెతుకులు. వాటితోపాటు పాల ప్యాకెట్టు, మాత్రల అట్ట, పాత బ్లేడు, ఒక్కోసారి పగిలిన గాజు ముక్క. అన్నింటినీ ఒకే సంచిలో కుక్కి, మూతి బిగించి, మున్సిపాలిటీ బండి రాగానే అందులో వేస్తాము. బండి వీధి మలుపు తిరుగుతుంది. మన ఇల్లు శుభ్రమైనదని తృప్తి పడతాము.

అయితే ఆ సంచి ముడిని ఎవరో ఒకరు విప్పవలసి ఉన్నది. అమ్ముకోదగిన ప్లాస్టిక్కు, అట్ట, ఇనుము ఏరడానికి పారిశుద్ధ్య కార్మికులు, చెత్త ఏరుకొని బ్రతికేవారు అందులో చేయి పెడతారు. కుళ్ళిన అన్నములో కలిసిపోయిన బ్లేడు వారి కంటికి కనబడదు. వేలు తెగిన తరువాతనే తెలుస్తుంది. నిన్న మనము చేతితో తరిగిన బీరకాయ తొక్కను ముట్టుకోవడానికి మనకు ఏ జంకూ లేదు. దానిని ఒక రాత్రంతా మిగతా వాటితో కలిపి గాలి ఆడకుండా ముడి వేసినందువలననే అది ముక్కు మూసుకోవలసిన చెత్త అయినది. ఈ నెల మేము చెప్పదలచినది ఈ ఒక్క సంగతే: వంటింటి తొక్కలను వేరుగా ఉంచి మన గడప లోపలనే ఎరువుగా మార్చుకోవచ్చును. ఆ పని చేసిపెట్టడానికి వానపాములు ఉన్నాయి.

చెత్త గుట్టల మాట

మన దేశములోని పట్టణాల చెత్తలో దాదాపు సగము ఇలా కుళ్ళిపోయే తడి చెత్తే. ఊరి బయట గుట్టగా పోసినప్పుడు అడుగున ఉన్న దానికి గాలి అందదు. గాలి లేనిచోట కుళ్ళినప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది మండే వాయువు. భూమిని వేడెక్కించడములో బొగ్గుపులుసు వాయువుకంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది. గుట్ట అడుగునుండి కారే నల్లని నీరు చుట్టుపక్కల బావుల్లోకి ఇంకుతుంది.

2017 సెప్టెంబరు 1న ఢిల్లీలోని ఘాజీపూర్ చెత్త గుట్టలో ఒక భాగము విరిగి, పక్కనున్న రోడ్డు మీదకు, కాలువలోకి జారినది. దారిన పోతున్న వాహనాలు కాలువలో పడి ఇద్దరు చనిపోయారు. 2023 మార్చిలో కేరళలోని కొచ్చి నగరపు బ్రహ్మపురం చెత్త యార్డుకు నిప్పు అంటుకొని పది రోజులు దాటినా పొగ ఆగలేదు. నగరములో పిల్లలకు బడులు మూసివేయవలసి వచ్చినది. ఈ గుట్టల్లో ఏ ఒక్క ఇంటి బుట్టా పెద్దది కాదు. చిన్న చిన్న బుట్టలన్నీ కలిసే అంత ఎత్తు లేచాయి.

2016లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు, చెత్తను ఇంటిలోనే వేరు చేసే బాధ్యతను ఆ ఇంటివారి మీదనే ఉంచాయి. చట్టము సంగతి అలా ఉంచి, ఇంటి లెక్క చూద్దాము. నలుగురున్న ఇంట్లో రోజుకు అరకిలో తొక్కలు వస్తాయనుకొంటే ఏడాదికి సుమారు 180 కిలోలు. అంత బరువు మన గుమ్మము దాటకుండా ఆగిపోవచ్చును.

పాత ఇళ్ళలో చెత్తబుట్ట లేదు

మన తాతముత్తాతల ఇళ్ళలో చెత్తబుట్ట అనే వస్తువే ఉండేది కాదు. బియ్యము కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూరల తొక్కలు పెరటిలోని కుడితి గోలెములో పడేవి. గేదె వచ్చి తాగేది. రాలిన మెతుకులు కోళ్ళు ఏరుకొనేవి. పేడ, ఊడ్చిన ఆకులు, పొయ్యిలోని బూడిద పెంటకుప్ప మీదకు చేరేవి. ఎండాకాలములో ఆ పెంటను బండ్లకెత్తి పొలానికి తోలేవారు. బీరకాయ పొట్టునయితే అసలు బయటికి పోనివ్వక పచ్చడి చేసేవారు. మన అమ్మమ్మలకు దీనికి ఏ శిక్షణా అవసరము లేకపోయినది.

ఇప్పుడు చాలామందికి పెరడు లేదు. గేదె లేదు, కుడితి గోలెమూ లేదు. రెండు గదుల ఇల్లో, మూడవ అంతస్తులో చిన్న బాల్కనీయో ఉన్నది. ఆ గోలెము స్థానములో పెట్టుకోదగినది వానపాముల తొట్టి.

నేలలోని పనివాడు

వానపాములను పల్లెల్లో ఎర్రలు అంటారు. చేపలు పట్టేవారు గాలానికి గుచ్చేవి ఇవే. పేరులో పాము ఉన్నా ఇవి కరవవు, కుట్టవు. వీటికి పళ్ళు లేవు, కళ్ళు లేవు, ఊపిరితిత్తులూ లేవు. తడిగా ఉన్న చర్మము ద్వారానే గాలి పీల్చుకొంటాయి. అందుచేత చర్మము ఎండినా, నీటిలో మునిగి గాలి అందకపోయినా చనిపోతాయి. వెలుతురును చర్మముతోనే పసిగట్టి చీకటిలోకి జరుగుతాయి. వానపామును రెండుగా తెంచితే రెండు వానపాములవుతాయని పిల్లలు అనుకొంటారు. అది నిజము కాదు. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి.

ఇంగ్లండు దేశపు శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ వీటిని నలభై ఏళ్ళకు పైగా గమనించి, 1881లో వీటి మీద ఒక పుస్తకము ప్రచురించాడు. ఆయన తన ఇంట్లోనే కుండీలలో వానపాములను పెంచాడు. వాటి దగ్గర వాద్యము ఊదించి చూస్తే అవి పట్టించుకోలేదు. కుండీలను పియానో మీద పెట్టి మీట నొక్కగానే ఆ అదురుకు గబగబా బొరియల్లోకి దూరాయి. వాటికి చెవులు లేవని, అదురు మాత్రము తెలుస్తుందని అలా గ్రహించాడు. ఇంగ్లండులో చాలా చోట్ల ఒక్క ఎకరములో ఏడాదికి పది టన్నులకు పైగా మట్టి వానపాముల శరీరాల గుండా వెళుతుందని ఆయన లెక్క కట్టాడు.

వంటింటి తొట్టిలో పెంచే పద్ధతిని ఇంటింటికీ చేర్చినవారిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన మేరీ ఆపెల్‌హాఫ్ అనే జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు ముఖ్యురాలు. ఆమె 1982లో దీని మీద గృహిణులకు అర్థమయ్యే పుస్తకము వ్రాసినది. మన పొరుగున చెన్నైలో ప్రొఫెసరు సుల్తాన్ ఇస్మాయిల్ మన నేలల్లోని దేశవాళీ వానపాముల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు.

అన్ని వానపాములూ తొట్టిలో బ్రతకవు. పొలములో లోతుగా బొరియలు తవ్వుకొని మట్టి తినే రకాలు వేరు. రాలిన ఆకుల్లో, పేడలో, నేల పైపొరన ఉండే రకాలు వేరు. మనకు కావలసినవి ఈ రెండవ రకమువి. ఐసీనియా ఫెటిడా అనే ఎర్ర వానపాము, ఆఫ్రికా నుండి వచ్చిన యూడ్రిలస్, మన ప్రాంతపు పెరియోనిక్స్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వర్మికంపోస్టు తయారుచేసే రైతుల దగ్గర, అనేక కృషి విజ్ఞాన కేంద్రాలలోను ఇవి దొరుకుతాయి. వాన పడినప్పుడు గుమ్మము ముందు కనబడే వాటిని ఏరి తెచ్చి తొట్టిలో వేయడము వలన ప్రయోజనము ఉండదు.

తొట్టి ఏర్పాటు

1. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒక అడుగు లోతు ఉన్న తొట్టి చాలు. వానపాములు పైపొరలోనే తింటాయి గనుక లోతుకంటే వెడల్పు ముఖ్యము. రోజుకు అరకిలో తొక్కలు వచ్చే ఇంటికి ఇటువంటివి రెండు కావాలి. పాత ప్లాస్టిక్ టబ్బు, చెక్క పెట్టె, మట్టి గోలెము, సిమెంటు తొట్టి ఏదైనా సరే. మన ఎండలకు మట్టిదే మేలు.

2. అడుగున, పక్కలకు పైభాగాన చిన్న రంధ్రాలు చేయాలి. అడుగువి నీరు పోవడానికి, పైవి గాలి ఆడడానికి. తొట్టిని నాలుగు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, కింద ఒక పళ్ళెము ఉంచాలి.

3. అడుగున రెండంగుళాల మందాన కొబ్బరి పీచు, దాని మీద ఎండుటాకులు, సన్నగా చింపిన వార్తాపత్రికల కాగితము, బాగా మాగిన పశువుల పేడ వేయాలి. పచ్చి పేడ వేస్తే వేడి పుట్టి పురుగులు చనిపోతాయి. ఒక గుప్పెడు ఇసుక కూడా చల్లాలి. పళ్ళు లేని వానపాము తన కడుపులోని ఇసుక రేణువుల సాయముతోనే ఆహారాన్ని నూరుకొంటుంది.

4. ఈ పరుపు అంతటినీ నీళ్ళతో తడపాలి. ఎంత తడి ఉండాలంటే, ఉతికి పిండిన గుడ్డ ఎంత తడిగా ఉంటుందో అంత. గుప్పెట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలకంటే ఎక్కువ కారకూడదు.

5. రెండు మూడు రోజులాగి, చేయి పెట్టి చూసి వేడి లేదని తెలిసిన తరువాత పావుకిలో వానపాములను పైన వదలాలి. అవే లోపలికి పోతాయి. మీద తడిపిన గోనెపట్టా కప్పి, ఆపైన గాలి ఆడే మూత పెట్టాలి. ఎలుకలు, పందికొక్కులు తిరిగే ఇళ్ళలో మూతకు సన్నని ఇనుప వల బిగించడము మంచిది.

ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు

వానపాము తొక్కను కొరికి తినదు. ముందు కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని మెత్తబరచాలి. ఆ మెత్తబడినదానిని వానపాము మింగుతుంది. అందుచేత తొక్కలను ఎంత చిన్నగా తరిగితే పని అంత త్వరగా సాగుతుంది. అనుకూలమైన తొట్టిలో వానపాములు రోజుకు తమ బరువులో సగము దాకా తింటాయి. అయినా క్రొత్త తొట్టిలో మొదటి రెండు వారాలు రోజుకు 50 నుండి 100 గ్రాములకు మించి వేయరాదు. అవి పెరిగే కొద్దీ మనము కూడా పెంచుకుంటూ పోవచ్చును.

పెట్టదగినవి: ఆనప, బీర, దోస, బంగాళదుంప తొక్కలు, ఆకుకూరల కాడలు, క్యాబేజీ రేకులు, అరటి, బొప్పాయి, పుచ్చకాయ తొక్కలు, కాచిన టీ పొడి, కాఫీ పొడి, వాడిన పూలు. గుడ్డు పెంకులను ఎండబెట్టి పొడి చేసి వారానికి ఒక చెంచా చల్లితే పులుపు విరిగి మంచిది.

కొద్దిగానే పెట్టదగినవి: నిమ్మ, బత్తాయి తొక్కలు, ఉల్లి, వెల్లుల్లి పొట్టు, మిగిలిన అన్నము.

పెట్టకూడనివి: చింతపండు పిప్పి, ఊరగాయలు, ఉప్పు కారము కలిసిన కూరలు, నూనె, పెరుగు, పాలు, ఆదివారపు మాంసము ఎముకలు, చేపల పొలుసులు. ఉప్పు వానపాము చర్మాన్ని పీల్చివేస్తుంది. నూనె గాలి ఆడనివ్వదు. మాంసము, చేపల వలన దుర్వాసన పుట్టి పిల్లులు, ఎలుకలు చేరతాయి. వీటిని తడి చెత్త బుట్టలో వేరుగా ఉంచి మున్సిపాలిటీ బండికి ఇవ్వాలి.

తొక్కలను ఎప్పుడూ పైన పరచి వదిలేయకూడదు. పరుపును కొంచెము తొలగించి, ఒక మూల పెట్టి, తిరిగి కప్పాలి. మరునాడు దాని పక్కన మరొక చోట. అలా తొట్టి అంతా తిరిగి వచ్చేసరికి మొదటి చోట వేసినది కరిగిపోయి ఉంటుంది. కరగలేదంటే ఒకటి రెండు రోజులు ఏమీ వేయకుండా ఆగాలి.

అందరూ అడిగే ప్రశ్నలు

వాసన రాదా? – బాగా నడిచే తొట్టికి తొలకరి చినుకులు పడిన నేల వాసన వస్తుంది. పుల్లని వాసన గాని, కుళ్ళు వాసన గాని వస్తే తిండి ఎక్కువైనదని, లేక నీరు నిలిచినదని అర్థము. తిండి ఆపి, చింపిన కాగితము, ఎండుటాకులు కలిపి, చేతితో నెమ్మదిగా గుల్లబరచాలి. నాలుగు రోజుల్లో సర్దుకొంటుంది.

ఈగలు ముసరవా? – తొక్కలను లోపల కప్పి, మీద రెండంగుళాల ఎండుటాకులు ఉంచితే పండు ఈగలు గ్రుడ్లు పెట్టవు.

చీమలు పట్టితే? – తొట్టి బాగా ఎండిపోయిందనడానికి అది గుర్తు. తడి పెంచాలి. చీమలు ఎక్కకుండా పాలగిన్నెను నీళ్ళ పళ్ళెములో పెట్టినట్లే, తొట్టి కింది ఇటుకలను కూడా నీళ్ళ పళ్ళెములలో నిలపవచ్చును. అయితే నిలువ నీటిలో దోమలు పెరుగుతాయి గనుక రెండు రోజులకొకసారి ఆ నీరు మార్చాలి.

మన ఎండలకు తట్టుకొంటాయా? – అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. ఎర్ర వానపాములకు 15 నుండి 30 డిగ్రీల వరకు హాయి. 35 దాటితే ప్రాణాపాయము. మనకు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది. అందుచేత తొట్టిని పడమటి ఎండ తగలని చోట, ఉత్తరపు గోడ వారనో, చెట్టు నీడనో, ఇంటి లోపల మెట్ల కిందనో ఉంచాలి. గోనెపట్టాను ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము తడపాలి. కుండలోని నీరు చల్లబడినట్లే పట్టాలోని తడి ఆరుతూ తొట్టిని చల్లబరుస్తుంది. వడగాలుల రోజుల్లో తిండి సగానికి తగ్గించాలి. వానాకాలములో దీనికి భిన్నముగా, జల్లు లోపల పడకుండా చూడాలి.

సంఖ్య మితిమీరి పెరగదా? – వానపాములు నిమ్మకాయ ఆకారములో ఉండే సన్నని గింజల వంటి గూళ్ళు పెడతాయి. ఒక్కొక్క గూటినుండి సాధారణముగా రెండు మూడు పిల్లలు వస్తాయి. తిండి, చోటు ఉన్నంత వరకే పెరిగి, తరువాత అవే తగ్గుతాయి. ఎక్కువైతే ఒక గిన్నెడు తీసి పొరుగువారికి ఇవ్వండి. తొట్టి మొదలుపెట్టాలనుకొనేవారికి ఇంతకంటే మంచి బహుమానము లేదు.

ఎరువు తీయడము, వాడడము

రెండు మూడు నెలలకు తొట్టిలోనిది నల్లగా, కాఫీ పొడివలె గుల్లగా మారుతుంది. అప్పుడు ఒక పక్కన తిండి పెట్టడము మాని, రెండవ పక్కనే పెడుతూ రావాలి. రెండు మూడు వారాల్లో వానపాములు చాలా వరకు అటు జరుగుతాయి. ఖాళీ అయిన వైపు ఎరువును తీసుకోవచ్చును. త్వరగా కావాలంటే, తొట్టిలోనిది గోనెపట్టా మీద చిన్న చిన్న కుప్పలుగా పోసి వెలుతురులో ఉంచాలి. వెలుతురుకు జడిసి వానపాములు అడుగుకు పోతాయి. పైనుండి కొంచెము కొంచెముగా ఎరువు తీస్తే చివరకు అడుగున అవే మిగులుతాయి. వాటిని తిరిగి తొట్టిలో వేయాలి. ఎండలో మాత్రము ఉంచకూడదు.

ఈ ఎరువును ఒక పాలుకు మూడు పాళ్ళ మట్టి చొప్పున కలిపి కుండీలు నింపవచ్చును. ఉన్న మొక్కలకు నెలకొక పిడికెడు మొదట్లో వేసి మట్టి కప్పితే చాలు. గోంగూర, తోటకూర, పుదీనా, మిరప, కరివేప, మల్లె, కనకాంబరము అన్నింటికీ పనికివస్తుంది. ఎరువులోని సారముతోపాటు, నేలను గుల్లబరచి తడిని నిలిపే గుణము దీనికి ఉన్నది. కింది పళ్ళెములో చేరిన నీటిని పది రెట్లు మంచినీటితో పలుచన చేసి పూలమొక్కలకు పోయవచ్చును. పచ్చిగా తినే ఆకుల మీద పోయరాదు.

ఇంట గెలిచి రచ్చ గెలిచినవారు

ఇంటిలో వేరు చేయడము ఊరినంతా మార్చగలదనడానికి మన మధ్యనే సాక్ష్యమున్నది. తెలంగాణలోని సూర్యాపేట, అప్పటి నల్గొండ జిల్లాలోని పట్టణము, 2003 తరువాతి సంవత్సరాల్లో దేశమంతటా పేరు పొందినది. అక్కడ ఇంటింటా తడి చెత్త, పొడి చెత్త వేరు వేరు బుట్టల్లో తీసుకొని, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చారు. వీధి చెత్తకుండీలు అవసరము లేకుండా చేశారు.

కేరళలోని అలప్పుళ పట్టణము చెత్తను పక్కనున్న సర్వోదయపురం అనే ఊరిలో పోసేది. 2012లో ఆ ఊరివారు ఇక భరించలేమని లారీలను ఆపివేశారు. పట్టణపు వీధుల్లో చెత్త పేరుకొనిపోయినది. అప్పుడు అలప్పుళ వారు వేరే ఊరిని వెదకుటకు బదులు, తడి చెత్తను ఎవరి ఇంటిలో వారు, ఎవరి వీధిలో వారు ఎరువుగానో, వంట గ్యాసుగానో మార్చుకొనే మార్గము పట్టారు. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము ఈ విషయములో ప్రపంచములోని అయిదు పట్టణాలను ఆదర్శముగా పేర్కొనగా వాటిలో అలప్పుళ ఒకటి. మన చెత్త చేరే చోట కూడా మనుష్యులు కాపురముంటున్నారని ఆ పట్టణానికి సర్వోదయపురం వారు గుర్తుచేశారు.

ఇది ఇంటిల్లిపాది చేసుకోవలసిన పని. తొక్కలు తరగడము తల్లిదే కానవసరము లేదు. గోనెపట్టా తడపడము తాతగారు చేయవచ్చును. కాగితము చింపడము, గుడ్డు పెంకులు నూరడము పిల్లలకు ఆట. మూత తీసి గూళ్ళు వెదకడము సెలవు రోజున వారికి పాఠము. పురుగంటే జంకే పిల్లవాడికి మొదట చేతితో ముట్టుకోమని చెప్పనవసరము లేదు. చూడనిస్తే చాలు, నెల తిరగకుండా వాడే పొరుగింటి పిల్లలను పిలిచి చూపిస్తాడు.

తొట్టికి చోటు కుదరని ఇళ్ళు కూడా ఉంటాయి. అటువంటివారు ఒక్క పని చేయవచ్చును. ఈ రోజు సాయంకాలమే వంటింట్లో రెండు బుట్టలు పెట్టండి, ఒకటి తొక్కలకు, ఒకటి మిగిలిన వాటికి. బ్లేడు, గాజు ముక్క వంటివి మందపాటి కాగితములో చుట్టి, మూడవదిగా వేరే ఇవ్వండి. రేపు ఉదయము బండి దగ్గర నిలబడినప్పుడు ఏ బుట్టలో ఏమున్నదో ఆ కార్మికురాలికి చెప్పి అందించండి. ఆమె చేతికి రేపు గాయము కాకుండా ఉండడానికి అంత మాత్రము చాలు.